బీచ్ రోడ్డులో ఎడమ పక్క

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో అందరి చూపూ కుడి పక్కకే పోతుంది. సముద్రం అటే కదా. ఎడమ పక్క కొండలు, వాటి మీద ఏవో శిథిలాలు, ఆ తర్వాత ఎర్రటి దిబ్బలు, పల్లెలు వస్తుంటాయి, పోతుంటాయి. నేనూ ఎన్నోసార్లు అలాగే వెళ్లొచ్చాను.

ఈసారి మా మేనల్లుడి పుణ్యమా అని రెండు పక్కలా చూడాల్సి వచ్చింది. వాడు ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం. తీరం వెంట కట్టడాల్లోనూ ప్రకృతిలోనూ రేఖ, ఆకారం, రంగు, గరుకూ నునుపూ, లయ ఎక్కడెక్కడ కనిపిస్తాయో బొమ్మలు గీసుకు రమ్మని కాలేజీలో చెప్పారట. నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. ఇవే మాటలు ఏళ్ల తరబడి బోర్డు మీద రాస్తున్నాను గానీ, కింద పిల్లలు గీసేది మాత్రం రెండు కొండల మధ్య సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు. "మావయ్యా, నువ్వూ రావా" అన్నాడు. బండీ నాదే, పెట్రోలూ నాదే అని అప్పుడే అర్థమైపోయింది.

ఆర్కే బీచ్‌లో తెల్లారేసరికే జనం. వాడు మొదట గీసింది కుర్సురా జలాంతర్గామిని. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది ఇక్కడ మ్యూజియంగా ఒడ్డెక్కింది. తొంభై మీటర్లకు పైగా పొడవు. లోపలికి వెళ్తే మనుషులు బతికే గది మొత్తం ఒక గొట్టం. "గొట్టంలాగే ఎందుకు చేశారు?" అని అడిగాను, మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది. నీటి ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పడాలి, మూల ఉంటే అక్కడే పగులుతుంది అన్నాడు. సరైన జవాబే. ఆ రోజంతా ఈ మూలల గొడవ మమ్మల్ని వదల్లేదు.

దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. వాడు దాని అంచును ఒక్క గీతలో లాగేశాడు. బీచ్ అంచు మాత్రం అంత తేలిగ్గా రాలేదు, ఎందుకంటే అది నిలకడగా ఉండే గీత కాదు. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. రేవు కోసం సముద్రంలోకి రాతికట్టలు కట్టాక ఆ ఇసుక అక్కడే ఆగిపోతోంది. ఇవతల బీచ్‌ను అలలు కోసుకుపోతున్నాయి. అందుకని రేవులో తవ్వి తీసిన ఇసుకను పైపులతో ఇక్కడికి పంపు చేస్తారు. మనం ఫొటోలు దిగే ఇసుకలో కొంత అలా వచ్చిందే.

రుషికొండ గురించి ఇక్కడ ఏమీ రాయను. దాని మీద మాట్లాడేవాళ్లు రాష్ట్రంలో చాలామంది ఉన్నారు.

తొట్లకొండ ఎక్కేసరికి ఎండ ముదిరింది. 1970ల్లో నౌకాదళం వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీద కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఇది. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే కింద కనిపించే ఈ సముద్రం అప్పట్లో బాగా రద్దీగా ఉండేదన్నమాట. నీళ్లు నిలవడానికి రాతిలోనే తొలిచిన తొట్లు ఉన్నాయి, కొండ పేరు అక్కడి నుంచే వచ్చింది.

మా వాడు మహాస్తూపం ఎదుట కూర్చుని వృత్తం మొదలుపెట్టాడు. 2019 వానలకు దీనిలో కొంత భాగం కూలితే మళ్లీ కట్టారు. చేతిలో వృత్తలేఖిని లేకుండా అంత పెద్ద గుండ్రాన్ని పక్క నుంచి చూసి గీయడం కష్టమే. స్తూపం గుండ్రంగా ఉండటానికి గాలికీ నీళ్లకీ సంబంధం లేదు, చుట్టూ తిరిగే మనిషికి ఆ ఆకారం కుదురుతుంది. ప్రదక్షిణకు మూలలుంటే నడక తెగుతుంది. నాకు మాత్రం స్తూపం కన్నా భిక్షువుల గదులే నచ్చాయి. చిన్న చిన్న చదరాలు, ఒకే కొలత, వరసగా, మధ్యలో ఖాళీ స్థలం. లయ అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఇకమీదట ఈ పునాదుల ఫొటో చూపిస్తాను. "మావయ్యా, ఇంత వ్యూ పెట్టుకుని గదులన్నీ లోపలికి తిప్పుకున్నారేంటి?" అన్నాడు వాడు. ఇప్పుడైతే సీ వ్యూ ఫ్లాటుకు చదరపు అడుక్కి ఎంత ఎక్కువ తీసుకుంటున్నారో ఆ భిక్షువులకు తెలిస్తే నవ్వుకునేవారు.

కొండ దిగాక మంగమారిపేట దగ్గర, అలలు తొలిచిన సహజ రాతి తోరణం చూశాం. ఆటుపోట్ల వేళ చూసుకుని వెళ్తే దగ్గర దాకా నడవొచ్చు. మేం వెళ్లేసరికి అక్కడ ప్రీ వెడ్డింగ్ షూటింగ్ నడుస్తోంది. పెళ్లికూతురి గౌను తోరణం మొత్తాన్ని కప్పేసింది. బొమ్మ గీయలేదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాం. రోడ్డు మీంచి చూస్తే జీడిమామిడి తోటలు, కాస్త ఎర్రటి నేల, అంతే. లోపలికి నాలుగడుగులు వేశాక నేల విడిపోతుంది. రెండు పక్కలా నిలువు గోడలు, వాటి మధ్య వంకర్లు తిరుగుతూ వాన నీరు కోసిన దారి. గోడల మీద పైనుంచి కిందికి సన్నటి గాడులు. మట్టి పొరల్లో కిందివి ముదురు, పైవి లేత. ఒకచోట ఇటుక రంగు, ఇంకోచోట పసుపు. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటి కన్నా ఎంతో కిందికి దిగినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి ఇక్కడ తిన్నెలుగా పోసింది. ఆ ఇసుకలోని ఇనుము వేల ఏళ్లు తుప్పు పట్టి రేణువుల మీద పూతలా పేరుకుంది. ఇటువంటి ఎర్ర తిన్నెలు తమిళనాడు దక్షిణ తీరంలోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. గోడ మీద గుండె బొమ్మ, పక్కన బాణం చెక్కినవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండు.

చిటికెడు మట్టి తీసుకుని అరచేతిలో నీళ్లు పోసి రుద్దాను. ఎరుపంతా నీళ్లలోకి దిగిపోయింది, చేతిలో మామూలు ఇసుక రేణువులు మిగిలాయి. వాటి మధ్య అక్కడక్కడా నల్లగా ఒకటి, దానిమ్మ గింజ రంగులో ఒకటి. తర్వాత భీమిలి బీచ్‌లో అల వెనక్కి పోయిన చోట తడి ఇసుక మీద నల్లటి చారలు, వాటి అంచున ఊదా ఎరుపు చారలు చూశాం. నలుపు ఇల్మనైట్ అనే ఖనిజం, ఎరుపు గార్నెట్. తూర్పు కనుమల కొండల్లోని ఖోండలైట్ రాయి అరిగి, ఏర్లతో, వాగులతో కిందికొచ్చి ఇలా చేరింది. తేలిక ఇసుకను అల తీసుకుపోతుంది, బరువైనది మిగిలిపోతుంది. ఆ చారల్ని గీసేది అదే. కొండ రంగూ బీచ్ రంగూ ఒక్క ఇంటివే అన్నమాట. "ఇక కలర్ ప్యాలెట్‌కు వేరే పేజీ ఎందుకు మావయ్యా" అని వాడు ఆ ఇసుకనే జిగురు పెట్టి కాగితానికి అంటించేశాడు. నేనైతే ఫుల్ మార్కులు వేస్తాను.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే నది, చివర్లో మరీ సాదాసీదాగా ఇసుకలోంచి జారి వెళ్లిపోతుంది. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1824 ఒప్పందం తర్వాత ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. లైట్‌హౌస్ తెల్లగా, గుండ్రంగా ఉంటుంది. దాన్ని దాటి డచ్చి సమాధుల దగ్గరికి వెళ్తే ఉన్నట్టుండి అన్నీ మూలలే, మొనలే. ఆకాశంలోకి సన్నగా లేచిన నాలుగు పలకల శిఖరాలు. సున్నపు పూత ఊడిన చోట ఇటుకలు తొంగిచూస్తున్నాయి. ఉప్పుగాలి ముందు మూలల్నే తింటుందని ఇక్కడ కళ్లారా చూడొచ్చు. గోడ మధ్యలో పూత ఇంకా ఉంది, అంచులు మాత్రం అరిగి మొద్దుబారాయి. గడియార స్తంభం దగ్గర టీ తాగి బయల్దేరాం.

ఊరు దాటాక ఒక పల్లెలో గుండ్రటి చుట్టిల్లు కనబడితే బండి ఆపమన్నాడు. ఉత్తరాంధ్ర తీరంలో ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లే చుట్టిళ్లు. ఇప్పుడు డాబాల మధ్య ఎక్కడో ఒకటి. గంప బోర్లించినట్టు తాటాకు కప్పు, చూరు నడుము దాకా దిగి ఉంది. తలుపు దగ్గర వంగితే గానీ లోపలికి పోలేం. వాకిట్లో పెద్దామె ఎండు చేపలు తిరగేస్తోంది.

"ఏటి బాబూ గీస్తన్నావు?" అంది.

"మీ ఇల్లేనమ్మా."

"ఈ కొంపా!" అని నవ్వి లోపలికి రమ్మంది. మందపాటి మట్టి గోడ, పెండతో అలికి ఉంది. చెయ్యి పెడితే చల్లగా తగిలింది. నేల కూడా అంతే. బయటి ఎండ లోపలికి రావాలంటే ముందు ఆ చూరు కింద వంగాలి. తుఫాను గాలి కొట్టడానికి ఎక్కడా బల్లపరుపు గోడ లేదు, వచ్చిన గాలి చుట్టూ జారిపోవాల్సిందే. కప్పు ఏటవాలుగా ఉండటం, చూరు కిందికి దిగి ఉండటం వల్ల గాలి కిందనుంచి దూరి కప్పును లేపడం కష్టం. ఆ చూరే మట్టి గోడను వానకు తడవకుండా కాస్తుంది. ఇదంతా మేనల్లుడు నాకు చెప్తుంటే పెద్దామె విని, "మా పెద్దోలికి ఇవన్నీ తెల్దు బాబూ, మూల్లుంటే గాలి కొట్టీసేదని మూల్లు పెట్టనేదు" అంది.

2014 హుద్‌హుద్ తుఫాను సంగతి అడిగాను. "కమ్మలు లేసిపోనాయి. గోడ కదల్నేదు. పక్కోలి రేకులైతే తోటలో దొరికినాయి." మళ్లీ కప్పించారా అంటే, కప్పించాం గానీ ఇప్పుడు తాటాకు దొరకదు, దొరికినా కప్పేవాళ్లు లేరు, కూలి డబ్బులతో రేకులే వచ్చేస్తాయి అని లెక్క చెప్పింది. ఆమె చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. పాత ఇళ్లను చూసి మురిసిపోయే మనం ఏ రెండు మూడేళ్లకో కప్పు మార్చుకోవాల్సిన వాళ్లం కాదు.

వాడు గోడ చుట్టూ తాడు పట్టుకుని కొలిచాడు. చూరు ఎత్తు, తలుపు ఎత్తు రాసుకున్నాడు. వృత్తం చెరిపీ చెరిపీ కాగితం చిరిగే దాకా వచ్చింది. వెళ్తామని లేస్తుంటే పెద్దామె వెనకనున్న రెండంతస్తుల మేడ చూపించింది. లేత ఆకుపచ్చ రంగు, మెరిసే స్టీలు రెయిలింగు.

"మా ఓడిది. అప్పు సేసి కట్టినాడు. అదీ గీయి బాబూ, ఇదొక్కటే గీస్తే నలుగురూ ఏటనుకుంటారు?"

గీశాడు. ఈసారి స్కేలు ఒక్కటే సరిపోయింది. ఆమె ఆ కాగితం అడిగి తీసుకుని, కొడుక్కి చూపించాలని మేడ మెట్లెక్కింది. చుట్టిల్లు బొమ్మ మా దగ్గరే ఉంది.