వెయ్యికి వెయ్యి రావాలి కదా, ఆ రెండు ఎక్కడివి?

మొన్న ఐఐటీల ప్రవేశపరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలొచ్చాయి. నాలుగంకెల ర్యాంకు. నాకిది రెండో ప్రయత్నం, అంటే ఆఖరిది. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎలా చదవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మ్యాథ్స్‌లో నన్ను ముంచిన ఒక్క విషయమే చెబుతాను: స్లాంట్ అసింప్టోట్, అంటే x దూరం పోయేకొద్దీ గ్రాఫ్ దగ్గరయ్యే ఏటవాలు గీత.

2012 ఐఐటీ-జేఈఈ పేపర్లో వచ్చిన లిమిట్ మీరందరూ చేసే ఉంటారు. x అనంతానికి పోతుంటే (x²+x+1)/(x+1) − ax − b విలువ 4, a, b ఎంత? ఇంటర్ సెకండియర్‌లో పది సెకన్లలో చేసేశాను. పైన పెద్ద పదం x², కింద x, కొట్టేస్తే x మిగిలింది. a = 1, b = −4. కీ చూస్తే కరెక్టే! నా ఖర్మ అక్కడే మొదలైంది. అక్కడ భాగఫలం సరిగ్గా x కాబట్టి తప్పు దారిలో వెళ్లినా ఇంటికే చేరాను.

లాంగ్ టర్మ్‌లో చేరాక గ్రాండ్ టెస్టులో లవం మార్చి x²+3x+5 ఇచ్చారు. మళ్లీ −4 పెట్టాను, ఆప్షన్లలో ఉంది కూడా. నెగెటివ్ పడింది. కీ తప్పని సార్‌తో వాదించాను. ఆయన వాదించలేదు, x = 1000 పెట్టమన్నారు. 1003005 ని 1001 తో భాగిస్తే దాదాపు 1002.003. "వెయ్యికి వెయ్యి రావాలి కదరా, ఆ రెండు ఎక్కడివి?" అన్నారు. నోట మాట రాలేదు.

ఆ రెండు భాగహారంలో ఉన్నాయి. x సార్లు x+1 తీసేస్తే 2x+5 మిగులుతుంది. ఇంకో 2 సార్లు తీస్తే శేషం 3. అంటే ఫంక్షన్ x+2+3/(x+1). దూరం పోయేకొద్దీ చచ్చిపోయేది 3/(x+1) మాత్రమే. అసింప్టోట్ y = x+2, కాబట్టి 2−b = 4, b = −2.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని దొరికిన ప్రతి లెక్కనీ భాగించాను. లవంలో డిగ్రీ హారం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువుంటేనే ఈ గొడవ. లేని పదాలకు సున్నాలు పెట్టుకోండి, 2x³−5x+1 లో 0x² రాయకపోతే వరసలు కలిసిపోతాయి. దాన్ని x²−3 తో భాగిస్తే 2x వచ్చి x+1 మిగులుతుంది. శేషం x = −1 దగ్గర సున్నా, అంటే గ్రాఫ్ అక్కడ y = 2x గీతను దాటేస్తుంది. అసింప్టోట్‌ను గ్రాఫ్ తాకదని ఎవరైనా చెబితే నమ్మకండి.

రేంజ్, అంటే ఫంక్షన్ తీసుకోగల విలువలు, కూడా ఇందులోనే దొరుకుతుంది. x+1 ని t అనుకుంటే గ్రాండ్ టెస్టు ఫంక్షన్ x+2+3/(x+1) కాస్తా t+(3/t)+1 అవుతుంది. ఏఎం-జీఎం (ధన సంఖ్యల సగటు వాటి గుణమధ్యమం కంటే తగ్గదన్న సూత్రం) వేస్తే విలువలు 1+2√3, దానికి పైన, లేదా 1−2√3, దానికి కింద. డిస్క్రిమినెంట్‌తో అర పేజీ పట్టేది.

మిగతా సబ్జెక్టులంటారా, అందరిలాగే చదివాను. ఫోన్ ఇంట్లో పెట్టేశాను, పొద్దున్నే లేచాను. మొదటిసారి కూడా అలాగే లేచాను, అది ఎవరూ అడగరు. "ఏడాది వేస్ట్ చేశాడు" అన్న బంధువులకు మాత్రం ఒకటి చెప్పాలి: నాకు పెద్ద భాగహారాలు రావని తెలియడానికే ఆరు నెలలు పట్టింది. కీతో జవాబు కలిసిన లెక్కను మళ్లీ ఎవరు చూస్తారు?

(x³−x)/(x²−1) కి స్లాంట్ అసింప్టోట్ ఏంటని మా రూమ్మేట్లను అడిగితే అందరూ y = x అన్నారు. శేషం చూడమన్నాను: సున్నా. అంటే x = 1, −1 దగ్గర రెండు చుక్కలు తప్ప గ్రాఫే ఆ గీత, ఇక దగ్గరయ్యేదేముంది?