తాత గొంతు కోసం

పొద్దున తొమ్మిదింటికి డబ్బింగ్‌కి రమ్మన్నారు. కృష్ణానగర్‌లో ఇడ్లీ తిని డబ్బింగ్ థియేటర్‌కి నడిచే వెళ్ళాను. తమిళ సినిమాకి తెలుగు డబ్బింగ్. నాది డెబ్బై ఏళ్ళ తాత పాత్ర, నాలుగే సీన్లు. అయినా రాత్రంతా టెన్షనే.

మొదటి సీన్లోనే ఆగిపోయాం. తాత కొడుకుని గెంటేసే చోట తెర మీద ఆయన పెదాలు రెండుసార్లు గట్టిగా మూసుకుంటాయి. మా కాగితం మీదేమో "ఇక నా ఎదుటికి రాకు" అని ఉంది. ప, బ, మ ఒక్కటీ లేదు, పెదాలెలా కలుస్తాయి? మాటలు రాసిన పెద్దాయన ఆ బిట్ మళ్ళీ మళ్ళీ వేయించుకుని, కాసేపు తనలో తానే గొణుక్కుని, "మర్చిపోరా నన్ను" అని చూడమన్నారు. పెదాలు కలిశాయి. అప్పటిదాకా కోపంగా ఉన్న తాత ఒక్కసారిగా దిగులుగా కనిపించాడు. అలాంటి మనిషి పక్కన పని చేయడం నా అదృష్టం.

భోజనాల దగ్గర ఎస్పీ బాలుగారి మాట వచ్చింది. లోకానికి ఆయన పాట. మైకు ముందు మాట చెప్పి బతికే మాకు ఆయన మాట కూడా. 'గాంధీ' తెలుగులో బెన్ కింగ్‌స్లీకి ఆయన గొంతే. 2008లో 'దశావతారం' తెలుగులో కమల్‌హాసన్ పది పాత్రల్లో ఏడింటికి ఆయనే చెప్పారు, అందులో ముసలావిడ కూడా ఉంది. నన్ను ఎప్పటికీ వదలనిది మాత్రం 1997 నాటి 'అన్నమయ్య'. అందులో నాగార్జునకి పాడిందీ ఆయనే, వేంకటేశ్వరుడిగా వేసిన సుమన్‌కి మాట చెప్పిందీ ఆయనే. భక్తుడు వేడుకునే గొంతు, దేవుడు పలికే గొంతు ఒక మనిషివే. చూస్తున్నప్పుడు ఆ సంగతి ఒక్క క్షణం కూడా గుర్తు రాదు. పాటలో ఉన్న ఆర్తి మాటలోకి రానివ్వలేదాయన. స్వామి మాటలో తొందర ఉండదు, నిండుగా, నిదానంగా వస్తుంది. ఆయన్ని నేను ఒక్కసారీ కలవలేదు. 2020 సెప్టెంబరు 25న పోయారని తెలిసినప్పుడు ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టే అనిపించింది.

మధ్యాహ్నం చివరి సీను. తాత మంచం మీద మనవరాలి పేరు పిలవాలి, అంతే. నాలుగు టేకులు పోయాయి. గొంతు వణికించడం మానేసి, ముందు ఊపిరి సగం వదిలేసి, మిగిలిన దాంతో పిలిచాను. ఇంజనీరుగారు వెంటనే ఓకే చెప్పలేదు. ఆ బిట్ ఇంకోసారి వేసుకుని విన్నారు. తర్వాత అద్దం అవతలి నుంచి బొటనవేలు పైకెత్తి చూపించారు.

ఇంటికొచ్చి 'అన్నమయ్య' చివరి ఘట్టం పెట్టుకున్నాను. ఈసారి కళ్ళు మూసుకుని, స్వామి మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఎక్కడ తీసుకున్నారా అని వింటున్నాను.