పొర వదల్లేదే

ఆదివారం రాత్రి. పన్నెండు కావస్తోంది. లేచి వంటింట్లో లైటు వేసుకుని రాస్తున్నాను.

ఇవాళ ఆవకాయ పెట్టాం. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లి మామిడికాయలు 25 ఏరుకుని, అక్కడే కొట్టించి తెచ్చాను. హాల్లో పాత దుప్పటి పరిచి ముక్కలు పోసి, అమ్మకి పక్కనే పీట వేశాను. ఎంతసేపు కూర్చోగలదో అనుకున్నాను. ముక్క చేతికి రాగానే ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. బొటనవేలితో జీడి ఊడదీసింది. టెంకని అంటుకున్న పల్చటి పొరకి గోటితో అంచు లేపి, ఒక్క లాగు లాగింది. పొడిగుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. మళ్లీ ఇంకోటి. అలా రెండు గంటలు. మధ్యలో నేను తుడిచిన ముక్కలు కూడా తీసి చూసి, రెండు వెనక్కి ఇచ్చేసింది. "పొర వదల్లేదే. బూజు పడుతుంది" అంది.

సాయంత్రం కాఫీ ఇస్తుంటే అడిగింది, "ఈ ఏడు ఆవకాయ పెట్టవా ఏమిటే? కాయలు ముదిరిపోతున్నాయి" అని. గ్లాసు పట్టుకున్న వేళ్లకి మామిడి సొన మరకలు నల్లగా ఉన్నాయి.

మొదట్లో వాదించేదాన్ని. పోయిన ఏడాది జాడీ తెచ్చి మూత తీసి చూపించాను కూడా. అమ్మ ముఖం చిన్నబోయింది, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పట్నుంచి "పెడదాంలే అమ్మా" అంటున్నాను. ఇవాళా అదే అన్నాను. కానీ రెండు గంటలు పక్కపక్కన కూర్చున్న పొద్దు నా ఒక్కదానికే మిగిలిందే అని గొంతుకి ఏదో అడ్డం పడింది.

అమ్మకి వచ్చిన అల్జీమర్స్ జబ్బులో ముందుగా దెబ్బ తినేవాటిలో మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం ఒకటని డాక్టరుగారు చెప్పారు. కొత్తగా జరిగినదాన్ని పట్టి ఉంచేది అదేనట. ఆ మాట విన్నాక దీని గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. హెన్రీ మొలైసన్ అని ఒక అమెరికన్ ఉండేవాడు. మూర్ఛలు తగ్గించడానికి 1953లో ఆపరేషన్ చేసి, మెదడుకి రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత ఏ కొత్త సంగతీ నిలవలేదు. అతనితో బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. మూడు రోజుల్లో చెయ్యి బాగా తిరిగింది. కానీ ప్రతిసారీ అతనికి అది కొత్త పనే, ముందు చేసినట్టు గుర్తే లేదు. అది చదివినప్పుడు అమ్మ ముగ్గు వేసే చెయ్యే కళ్ల ముందు మెదిలింది.

ఇప్పుడు లేచి రాయడానికి కారణం వేరే.

పదిన్నరకి లైటు ఆర్పి అమ్మ మంచం పక్కనే పడుకున్నాను. కళ్లు మూసుకోగానే మామిడి ముక్కలు. తెల్లటి టెంక, ఆకుపచ్చ చెక్కు, ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. కల కాదు, ఇంకా నిద్రే పట్టలేదు. హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే శాస్త్రవేత్తకి ఒకసారి ఇలాగే అయిందట. అమెరికాలోని వెర్మాంట్‌లో పగలంతా కొండ ఎక్కి, రాత్రి నిద్రలోకి జారుతుంటే చేతుల కింద బండరాళ్లు తగిలాయట. దాన్ని పట్టుకుని ఆయన 27 మంది చేత మూడు రోజుల్లో ఏడు గంటలు టెట్రిస్ ఆడించారు, పైనుంచి పడే ముక్కల్ని కింద అమర్చే ఆట. నిద్ర పట్టే వేళ ఏం కనబడుతోందో చెప్పమంటే 17 మంది అవే ముక్కలన్నారు. 2000లో అచ్చయింది ఈ పరిశోధన.

ఆ 27 మందిలో ఐదుగురు హిప్పోకాంపస్ దెబ్బతిని జ్ఞాపకం నిలవనివాళ్లు. ఆట ఆడిన సంగతే వాళ్లకి గుర్తుండదు. వాళ్లలోనూ ముగ్గురికి ముక్కలు కనిపించాయి! అవేమిటో, ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియకుండానే.

అది గుర్తొచ్చి అమ్మ వైపు తిరిగాను. కిటికీలోంచి వీధిలైటు పడుతోంది. కళ్లు మూసుకునే ఉంది. దుప్పటి అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని బొటనవేలి గోటితో లేపుతోంది. లేపి, చిన్నగా లాగుతోంది. మళ్లీ లేపుతోంది. ఊపిరి పీల్చినంత మెల్లగా అంది, "పొర వదల్లేదే."

నేను కదల్లేదు. కాసేపటికి వేళ్లు ఆగాయి, గురక మొదలైంది.

అది ఇవాళ్టి పొరే అని నేను గట్టిగా చెప్పలేను. అరవై వేసవులు ఆ చేతుల మీదుగా పోయాయి, ఎప్పటిదైనా కావచ్చు. ఆ ఐదుగురి జబ్బూ అమ్మ జబ్బూ ఒకటి కాదని కూడా తెలుసు. కానీ ఏప్రిల్ అంతా, ఈ నెలలో ఇన్నాళ్లూ, ఇదే మంచం మీద అమ్మ పక్కన పడుకున్నాను. ఆ వేళ్లు అలా కదలడం ఇవాళే చూశాను. పొద్దున జరిగింది అమ్మకి అందలేదనుకుని సాయంత్రం నుంచీ బాధపడ్డాను. అడిగితే చెప్పలేని చోట ఎక్కడో అది ఉందని నాకు అనిపిస్తోంది.

మంగళవారం జాడీ తీసి తిరగ కలపాలి, నూనె చాలకపోతే పొయ్యాలి. రేపు మాగాయకి ఓ పది కాయలు తెస్తాను. చెక్కు తియ్యడానికి అమ్మ వాడే ఆల్చిప్ప పై అరలో, పాత స్టీలు డబ్బాలో ఉండాలి. ఇప్పుడే తీసి, కడిగి, పీట మీద పెట్టి పడుకుంటాను.