ఖాళీ లేన్

మూడు వారాల సెలవుకి తార్నాక వచ్చిన రెండో రోజే ఫోను. నేను పీహెచ్‌డీ చేసిన ల్యాబ్‌లో ఇప్పుడు నా బెంచీ మీద పనిచేస్తున్న అమ్మాయి. "అక్కా, వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండ్ రావట్లేదు. యాంటీబాడీ పాడైపోయినట్టుంది. ఇంకోటి కొనడానికి డబ్బుల్లేవు." ఏడుపు ఆపుకుంటోందని గొంతులోనే తెలిసింది. వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రొటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి, కావాల్సినదానికి అతుక్కునే యాంటీబాడీతో దాన్ని ఒక నల్లటి గీతగా, అంటే బ్యాండ్‌గా చూడటం. సాయంత్రం హబ్సిగూడలో చాయ్ దగ్గర కలిశాం.

ఫొటో చూపించింది. శాంపిల్ జెల్‌లో దిగే దారి, అదే లేన్, అంతా ఖాళీ, పైన శాంపిల్ పోసే గుంట (వెల్) దగ్గర మాత్రం నల్లటి ముద్ద. తను వెతుకుతున్నది కణ పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటే రిసెప్టర్, అంటే బయటి సంకేతాలని కణం లోపలికి అందించే ప్రొటీన్.

"శాంపిల్ ఎలా వేడిచేశావు?"

"95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు. అందరూ చేసేదే కదా అక్కా."

చాలా ప్రొటీన్లకి అదే పద్ధతి. కానీ పొరలో ఇమిడి ఉండే ముక్కలకి నీళ్లంటే పడదు. అంత వేడి తగిలితే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడతాయి, ఇక జెల్‌లోకి దిగవు. 37 డిగ్రీల్లో అరగంట ఉంచి చూడమన్నాను. యాంటీబాడీకి ఏమీ కాలేదు.

ఆ సీసా అంటే ఎంత భయమో నాకు తెలుసు. 100 మైక్రోలీటర్ల కోసం వారాల తరబడి ఎదురుచూసి, కస్టమ్స్‌లో డ్రై ఐస్ కరిగిపోతుందేమోనని హడలిపోయి, వచ్చాక చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో దాచుకున్నవాళ్లం. అంత కష్టపడి తెచ్చుకున్నది అబద్ధం చెబుతుందని అనుకోవడానికి మనసొప్పదు.

జర్మనీలో, హైడెల్‌బర్గ్‌లో మొదటి ఏడాది నేనూ అలాగే నమ్మాను. ఎనిమిది నెలలు ఒక రిసెప్టర్ వెంట పడ్డాను. అనుకున్న సైజులోనే శుభ్రమైన బ్యాండ్. ఒకరోజు మా బాస్ జీన్లని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆ రిసెప్టర్ జీన్ తీసేసిన కణాలు చేతికిచ్చి, వీటిలో చూడమన్నారు. అదే బ్యాండ్, అంతే నల్లగా. ఎనిమిది నెలల బొమ్మలన్నీ వేరే ఏదో ప్రొటీన్‌వి. పక్క బెంచీ అతను ఆ సీసా తీసి చెత్తలో వేశాడు. సగం మిగిలిన యాంటీబాడీని పారేయడం నేను అంతవరకు చూడలేదు. మంచి మిషన్లు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. హైడెల్‌బర్గ్‌లో ఉన్నది, కొన్నదాన్ని అనుమానించే స్తోమత. ఆ స్తోమత ఈ అమ్మాయికీ ఉండాలని నా కోరిక.

జీన్ తీసేసిన కణాలు తన దగ్గర లేవు. అందుకని హెక్ కణాల్లో ఫ్లాగ్ ట్యాగ్ తగిలించిన రిసెప్టర్ పెట్టు, పక్క లేన్‌లో ఖాళీ ప్లాస్మిడ్ పెట్టు, రెండింటినీ నీ యాంటీబాడీతోనూ ఫ్లాగ్ యాంటీబాడీతోనూ చూడు అన్నాను. హెక్ అంటే ల్యాబుల్లో పెంచే మనిషి కణాలు, ఫ్లాగ్ అంటే ప్రొటీన్‌ని గుర్తుపట్టడానికి తగిలించే చిన్న ముక్క, ప్లాస్మిడ్ అంటే జీన్‌ని కణంలోకి మోసుకెళ్లే డీఎన్ఏ వలయం; ఖాళీదాంట్లో రిసెప్టర్ జీన్ ఉండదు. టిష్యూ పేపరు మీదే గీసి ఇచ్చాను. తన యాంటీబాడీ అతుక్కునేది రిసెప్టర్ తోకకి, అంటే కణం లోపలి వైపు. బతికున్న కణాల మీద ఫ్లో సైటోమెట్రీలో (కణాలని ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి చూసే పద్ధతి) ఏమీ కనిపించక తను ఇంకో నెల పోగొట్టుకుందట. పొరకి చిల్లులు పెట్టకుండా యాంటీబాడీ లోపలికి పోదని తనకి ఎవరూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణం రోజు శంషాబాద్‌లో బోర్డింగ్ లైన్లో ఉండగా ఫొటో వచ్చింది. రిసెప్టర్ పెట్టిన లేన్‌లో, రెండు బ్లాట్లలోనూ ఒకే ఎత్తులో వెడల్పాటి బ్యాండ్. చక్కెరలు అతుక్కున్న రిసెప్టర్ అలాగే పరుచుకుంటుంది. కింద మెసేజ్: "అక్కా, నా యాంటీబాడీతో ఖాళీ ప్లాస్మిడ్ లేన్‌లో కూడా కింద ఒక సన్న బ్యాండ్ ఉంది. ఫ్లాగ్‌తో లేదు. అది మనది కాదు కదా?"

కాదని రాశాను.