బీరపూలు సాయంత్రమే విచ్చుకుంటాయి: నా మిద్దె తోట అనుభవం

నిన్న సాయంత్రం మా మిద్దె మీద తొలి బీరకాయ కోశాను. జానెడు దాటిన లేత కాయ. మా వారు ఫోను తీస్తుంటే ఆగమన్నాను. ముందు కళ్లారా చూసుకోవాలనిపించింది. ఈ ఒక్క కాయ వెనుక తొమ్మిది నెలల పోరాటం ఉంది. ఆ సంతోషం, ఆ కోపం రెండూ చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

నాకు 2018 నుంచి రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. తెలుగులో కీళ్లవాతం అంటాం. ఇది వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల కాదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఈ తేడా చుట్టాలకు చెప్పీ చెప్పీ అలసిపోయాను. పొద్దున్నే నా వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి. వేడినీళ్లలో ముంచి ఒక్కొక్కటీ చాపుకుంటూ వస్తే, తొమ్మిదిన్నర దాటాక గాని పిడికిలి బిగియదు. నేను ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. మొదటి పీరియడులో బోర్డు మీద లెక్క పిల్లల చేతనే చేయిస్తాను. అలా చేయించడం వల్ల మా బడిలో లెక్కలంటే భయం పోయిందని గర్వంగా చెప్పగలను.

తోట కోరిక ఈనాటిది కాదు. కోనసీమలో మా పుట్టింటి పెరట్లో అమ్మ వేసిన బీరపాదు వంటింటి పెంకుల మీదికి పాకేది. రాజమహేంద్రవరంలో మాది అయిదంతస్తుల అపార్టుమెంటు. ఇరవై నాలుగు ఇళ్లు, పైన ఖాళీ మిద్దె. జబ్బు వచ్చాక ఒక్కొక్క పనీ చేతి నుంచి జారిపోయింది. స్కూటీ పోయింది, కుట్టు మిషను పోయింది, చపాతీల కర్ర పోయింది. ఇక పోగొట్టుకోవడం చాలు, ఏదైనా కొత్తగా మొదలుపెట్టాలని నిరుడు వేసవి సెలవుల్లో గట్టిగా అనుకున్నాను. మృగశిర కార్తెకు విత్తనం పడాలని లెక్క వేసుకున్నాను.

మొక్కలు దొరకడం తేలిక. కడియం నర్సరీలు మాకు కూతవేటు దూరం. డాక్టరు గారు కూడా వెంటనే సరేనన్నారు. నేను వేసుకునే మందులు రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి కాబట్టి చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి అనీ, గాయమైతే నిర్లక్ష్యం చేయవద్దనీ చెప్పారు. ఇంతవరకు రెండు రోజుల పని.

మిగిలింది మిద్దె తలుపు తాళం. అది అపార్టుమెంటు సంఘం కార్యదర్శి గారి దగ్గర ఉంటుంది.

నేను నోటి మాటగా అడగలేదు. రెండు పేజీల ఉత్తరం రాసి, గళ్ల కాగితం మీద పటం గీసి ఇచ్చాను. మొక్కలు పెంచే సంచులు ముప్పై రెండు. కొబ్బరి పొట్టు ఎక్కువ, మట్టి తక్కువ కలిపితే తడిసినా ఒక్కొక్కటి ఇరవై కిలోలకు మించదు. మొత్తం 640 కిలోలు. పిట్టగోడ వెంబడి ఇరవై చదరపు మీటర్లలో సర్దితే చదరపు మీటరుకు 32 కిలోలు. మనుషులు తిరిగే మిద్దె చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు మోసేలా కట్టాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. అదే మిద్దె మీద నిలబెట్టిన వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే వెయ్యి కిలోలు. ఇదంతా పద్ధతిగా రాశాను. సమావేశం సాయంత్రం పెట్టమని, ఉదయం నా ఆరోగ్యం సహకరించదని కూడా అందులోనే రాశాను.

సమావేశం ఆదివారం ఉదయం ఏడున్నరకు పెట్టారు. కింద పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను అయిదింటికే లేచి వేడినీళ్లు కాచుకున్నాను. అయినా చేతులు తెరుచుకోలేదు. వాటిని చీర కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

ఉత్తరం రాసింది నేను, కానీ అందరూ మాట్లాడింది మా వారితో. "మేడం గారి ఆరోగ్యం మీకు తెలియనిది కాదు, సార్. ఇవన్నీ ఎందుకండీ ఆవిడకి?" అని ఒకరు. "నిన్ననే మెట్ల దగ్గర చూశాను, బాగానే నడుస్తున్నారే" అని మరొకరు. ఒకే నిమిషంలో నేను తోట పెంచలేనంత రోగినీ, రోగం నటిస్తున్న మనిషినీ అయిపోయాను. రెండూ ఎలా కుదురుతాయని అక్కడ ఒక్కరికీ తోచలేదు. వికలాంగుల సర్టిఫికెట్ ఉందా అని కార్యదర్శి గారు అడిగారు. మిద్దె మీద వంకాయ మొక్క పెట్టుకోవడానికి ఆ సర్టిఫికెట్ ఎందుకు? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న ఇరవై ఒక్క రకాల వైకల్యాల జాబితాలో నా జబ్బు పేరు విడిగా లేదని చెప్పాను. "అయితే మరి..." అని ఊరుకున్నారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. సరిగ్గా మిద్దె కింద ఉండే అయిదో అంతస్తు ఆయన నీళ్లు దిగుతాయేమోనని భయపడ్డారు. అది సరైన ప్రశ్న. ఆయన అడిగాకే సంచులు నేల మీద కాకుండా ఇనుప స్టాండ్ల మీద ఉండాలనీ, అడుగున పళ్లేలు పెట్టాలనీ నిర్ణయించుకున్నాను. ఆయన నా ముఖం చూసి అడిగారు. అప్పటిదాకా నాతో నేరుగా మాట్లాడింది ఆయన ఒక్కరే.

చివరికి ఒక కాగితం తెచ్చారు. మిద్దె మీద నేను పడినా, నాకేమైనా అయినా సంఘానికి బాధ్యత లేదని రాసి ఉంది. సంతకం పెడితే తాళం ఇస్తామన్నారు. కలం అందుకున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అది నిలవలేదు, కింద పడింది. వంగి తీసుకున్నాను. రెండోసారి గీత పడింది గాని అక్షరం కాలేదు. పాతికమంది చూస్తున్నారు. వాళ్లలో ఇద్దరి పిల్లలు నా దగ్గర చదువుకున్నవాళ్లే.

అప్పుడు కార్యదర్శి గారు, "ఇబ్బంది పడకండి మేడం, స్టాంపు ప్యాడు ఉంది, వేలిముద్ర వేసేయండి" అన్నారు.

ఎవరో నవ్వారు. పెద్దగా కాదు. కానీ విన్నాను.

ఆయన సాయం చేద్దామనే అన్నారని మా వారు ఇప్పటికీ అంటారు. కావచ్చు. ఇరవై నాలుగేళ్లుగా పదో తరగతి మార్కుల జాబితాల మీద సంతకాలు చేస్తున్న చేయి ఇది. వేలిముద్ర వేసేవాళ్లను నేను తక్కువ చేయడం లేదు. మా అమ్మమ్మ వేలిముద్రే వేసేది, ఊళ్లో ఆమె మాటకు తిరుగుండేది కాదు. కానీ చదువు రాని మనిషి వేసే ముద్ర వేరు, చదువుకున్న చేతిని అందరి ముందు చదువు రానిదాన్ని చేయడం వేరు. "నా సంతకం మీరు పెట్టవద్దు" అని మా వారితో చెప్పి, "సాయంత్రం అయిదింటికి వస్తాను, మూడు కాపీల మీద పెడతాను" అన్నాను. మినిట్స్ పుస్తకం ఇప్పుడే మూసేయాలన్నారు. 'వాయిదా' అని రాసి మూసేశారు. తరువాతి సమావేశం సెప్టెంబరులో.

తొలకరి పోయింది. ఆ మూడు నెలలూ వాన పడ్డప్పుడల్లా, తాళం వేసిన ఆ తలుపు వెనక నీళ్లు వృథాగా పోతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. మోకాళ్లలో నొప్పి కన్నా ఆ చప్పుడే ఎక్కువ బాధ పెట్టింది.

ఆగస్టులో పద్ధతి మార్చాను. రోజూ సాయంత్రం ఒక్క ఇంటికి వెళ్లాను. తలుపు తట్టి, గళ్ల కాగితం చూపించి, వాళ్ల సందేహం విని, అభ్యంతరం లేదని సంతకం అడిగాను. పదిహేడు ఇళ్లవాళ్లు పెట్టారు. అందరి కన్నా ముందు పెట్టింది అయిదో అంతస్తు ఆయన. సెప్టెంబరు సమావేశానికి ఆ కాగితం పంపాను, నేను వెళ్లలేదు. ఏడాది అనుమతి వచ్చింది. ఇలాంటి అవసరం ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే: సంఘంతో గుంపులో మాట్లాడకండి, కాగితం మీదే మాట్లాడండి. గుంపులో మర్యాద మరచిపోయేవాళ్లు కూడా సొంత గుమ్మంలో మనిషిలా ఉంటారు.

తరువాతిదంతా పనే, అందులో కష్టం ఉన్నా అవమానం లేదు. లిఫ్టు అయిదో అంతస్తులో ఆగిపోతుంది, అక్కడి నుంచి పద్దెనిమిది మెట్లు. వాచ్‌మన్ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. కూలి మాట్లాడుకుని సంచులన్నీ మోయించాను, కూలికి తోడు వారానికి రెండు లెక్కలు నేర్పడం అదనం. కొబ్బరి పొట్టు రెండు వంతులు, ఎర్రమట్టి ఒక వంతు, వానపాముల ఎరువు ఒక వంతు, సంచికి రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపాం. గోదావరి ఒండ్రు బంగారమే, కాని బరువు, మిద్దెకు వద్దు. "అన్నీ కలిపిన మట్టి" అని సంచుల్లో కట్టి అమ్మేవాళ్లను నమ్మకండి. నేను కొన్న రెండు సంచుల్లో సగం ఇసుకే.

స్టాండ్లు నా నడుము ఎత్తున, రెండున్నర అడుగులకు చేయించాను, కాళ్లు దూలాల మీదుగా వచ్చేలా పెట్టించాను. వంగే పని లేదు. తాపీ పిడికి సైకిలు హ్యాండిల్ తొడుగు వేయించాను. పిడి ఎంత లావుగా ఉంటే వేళ్లు అంత తక్కువ ముడవాలి. గిల్లే పనులన్నీ కత్తెరతోనే. నీళ్లకు టైమరు ఉన్న బిందు సేద్యం గొట్టాలు పెట్టాను. కీళ్లవాతానికి నేను వేసుకునే అసలు మాత్ర మెథోట్రెక్సేట్, అది వారానికి ఒక్కసారే, ఆదివారం రాత్రి. సోమవారమంతా వికారం, తల ఎత్తలేను. ఆ రోజు నా మొక్కలకు టైమరే దిక్కు. ఖర్చు ఎక్కువైనా దీన్ని వాయిదా వేయకండి. మిగతా తోట అంతా దీని మీదే నిలబడింది.

తోటకూర నెల లోపే కోతకు వచ్చింది. గోంగూర, పాలకూర, మెంతి గురించి చెప్పడానికేమీ లేదు, వాటంతట అవే పెరిగాయి. వంకాయలు వేస్తే మా ఆడపడుచు ఫోనులోనే కేకలు వేసింది, వాతానికి వంకాయ విషమని. డాక్టరు గారిని అడిగాను, తిన్నాక మీకు ఇబ్బంది అనిపిస్తే మానండి, లేకపోతే తినండి అన్నారు. తింటున్నాను. వంకాయ వల్ల నాకు జరిగిన నష్టం వేరే. తొడిమ ముల్లు తొడుగులోంచి దిగి వేలు చీము పట్టింది. యాంటీబయాటిక్ వాడవలసి వచ్చింది, డాక్టరు గారి మాట మీద ఆ వారం నా అసలు మాత్ర ఆపవలసి వచ్చింది. అప్పటి నుంచి తోలు తొడుగులే. మిరపకు పిండినల్లి పట్టింది, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి కొట్టించాను, లొంగింది.

తోట పెంచితే జబ్బు పోతుందని, మందులు మానేయవచ్చని ఫోన్లలో సందేశాలు పంపేవాళ్లున్నారు. దయచేసి పంపకండి. నా రక్తపరీక్షలు, నా మాత్రలు ఎప్పటిలాగే ఉన్నాయి. చెడ్డ రోజులు ఇప్పటికీ వస్తాయి. అయితే ఒకప్పుడు చెడ్డ రోజు తరువాతి పొద్దున లేచి చూసుకోవడానికి నొప్పి ఒక్కటే ఉండేది. ఇప్పుడు పిందె ఎంత పెరిగిందో చూడాలన్న ఆరాటం కూడా ఉంది.

ఇక బీర. మొక్కల పని పొద్దున్నే చేయాలని అందరూ చెబుతారు. నా పొద్దున్న నా చేతిలో లేదు కదా. కాకర, గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి, వాటికి నేను అందుకోలేను. బీరపూలు మాత్రం సాయంత్రం అయిదు దాటాక విచ్చుకుంటాయి, నా వేళ్లు బాగా పనిచేసే వేళకు సరిగ్గా. జనవరి చివర రెండు పాదులు పెట్టాను. మార్చి మొదట్లో మగపూలు గుత్తులుగా వచ్చాయి, తరువాత అడుగున పిందెతో ఆడపూలు. మా మిద్దె ఎత్తుకు ఆ వేళప్పుడు తేనెటీగలు కనబడవు. మొదటి నాలుగు పిందెలు పసుపురంగుకు తిరిగి రాలిపోయాయి. అప్పుడు బొమ్మలు వేసే కుంచె పిడికి స్పాంజి చుట్టి, మగపువ్వు పుప్పొడి అద్ది, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాశాను. అయిదో పిందె నిలిచింది. నిన్న కోసింది అదే.

సగం కాయతో పప్పు వండాను, తొక్కుతో పచ్చడి చేశాను. మిగిలిన సగం అయిదో అంతస్తు ఆయన ఇంటికి పంపాను. ఈ పూట మరో మూడు ఆడపూలు విచ్చుకునేలా ఉన్నాయి. ఇప్పుడు నాలుగున్నర. వాచ్‌మన్ కొడుకు పందిరి తాళ్లు పట్టుకుని పైన నిలబడి ఉంటాడు. ఈసారి ముడులు నేనే వేస్తానని చెప్పాను.