తీగకో గొయ్యి

"అక్కడ వాన ఎంత పడుద్దిరా?" అని అడిగాడు నాన్న.

నాకు పొద్దున పదకొండు. మా ఊళ్ళో సాయంత్రం నాలుగున్నర. వీడియో కాల్‌లో నాన్నకి నేను చూపిస్తున్నదంతా నల్లటి నేల, ఆ నేలలో కనుచూపు మేర గోతులు, గోతికొక ద్రాక్ష తీగ. ఏడాదంతా కలిపినా 150 మిల్లీమీటర్లు పడితే ఎక్కువంట నాన్నా అన్నాను. అటుపక్క కాసేపు మాట లేదు. "మనకి ఒక్క తుపానుకే అంత పడుద్ది గదరా. మరి ఆ తీగ ఎట్టా బతుకుద్ది?" అన్నాడు.

ఆ దీవి పేరు లాంజరోటే. స్పెయిన్ దేశానిదే గానీ ఉండేది ఆఫ్రికా పక్కన, అట్లాంటిక్‌లోని కెనరీ దీవుల్లో. ఆఫ్రికా ఒడ్డు అక్కడికి 125 కిలోమీటర్లు. నేను పనిచేసే క్రూయిజ్ షిప్ చలికాలంలో ఆ దీవుల చుట్టూ తిరుగుతుంది. లాంజరోటేలోని అర్రెసిఫే రేవులో పొద్దున ఆగి సాయంత్రం బయల్దేరుతుంది.

మాది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు పల్లె. గుంటూరు ఛానల్ కాలువని పర్చూరు దాకా పొడిగిస్తే మాకూ కృష్ణ నీళ్ళొస్తాయన్న మాట చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. నల్లరేగడి నేల. వానొస్తే పంట, లేకపోతే ఎండాకాలం కాలు దిగేంత నెర్రెలు. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు పట్టింది. పూతలోకి దూరి ఉన్న పూతంతా రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. మాకున్నది ఒక ఎకరం, కౌలుకి చేసింది రెండు. ఆ ఏడు కౌలు డబ్బులు కూడా రాలేదు. ఆ అప్పు తీర్చటానికే నేను ఓడెక్కాను.

గ్యాలీలో యుటిలిటీ పని నాది. అంటే వంటగదిలో గిన్నెలు, పళ్ళాలు కడగటం, నేల తుడవటం. తొమ్మిది నెలల కాంట్రాక్టులో పూర్తి సెలవు రోజంటూ ఉండదు, షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య దొరికే గంటలే. రేవులో ఆగినప్పుడు కూడా అందరం దిగిపోవటానికి లేదు. ఏదైనా ప్రమాదం జరిగితే చూసుకోటానికి సిబ్బందిలో కొంతమంది ఓడలోనే ఉండాలి. దాన్ని మేం ఐపీఎం అంటాం. మొదటి రెండుసార్లు అర్రెసిఫేలో ఆగినప్పుడు నాకు ఐపీఎం పడింది. గ్యాంగ్‌వే తలుపులోంచి కనపడిన నాలుగు తెల్లటి ఇళ్ళు, వాటి వెనక బోడి కొండలు, అంతే నేను చూసిన లాంజరోటే.

మూడోసారి దిగాను. క్యాబిన్లు సర్దే శ్రీకాకుళం కుర్రాడు, ఇద్దరు గోవా వాళ్ళు, నేను కలిసి ట్యాక్సీ మాట్లాడుకున్నాం. టూరు బస్సులన్నీ తిమన్‌ఫాయా నేషనల్ పార్కుకి పోతాయి. అక్కడ నేలలోకి దింపిన గొట్టంలో బకెట్ నీళ్ళు పోస్తే మరుక్షణం ఆవిరై పైకి ఎగజిమ్ముతాయి. నేల కింద ఇప్పటికీ అంత వేడి. ప్రయాణికులంతా చెప్పుకునేది దాని గురించే. మాకున్నది మూడు గంటలు. దగ్గరగా ఉన్నదేదైనా చూపించమంటే డ్రైవర్ లా హెరియా అనే ద్రాక్షతోటల ప్రాంతానికి తీసుకెళ్ళాడు. ఆ డ్రైవర్‌కి నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

దారిలో ఆయనే చెప్పాడు. 1730 సెప్టెంబర్ 1 రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య భూమి పగిలి నిప్పు పైకి లేచింది. యైసా అనే ఊళ్ళో చర్చి ఫాదర్ ఒకాయన జరిగింది జరిగినట్టు రాసిపెట్టాడు కాబట్టి గంటతో సహా తెలిసింది. ఒకరోజో రెండు రోజులో కాదు, 1736 దాకా ఆరేళ్ళు అలా మండుతూనే ఉంది. దీవిలో దాదాపు నాలుగో వంతు లావా కిందికి పోయింది. అంతకుముందు అదంతా ధాన్యం పండే మంచి నేల. ఊళ్ళకి ఊళ్ళు పూడిపోయి జనం చాలామంది వేరే దీవులకి వలసపోయారు.

ఉండిపోయిన వాళ్ళు ఒకటి గమనించారు. అగ్నిపర్వతం నుంచి రాలిన నల్లటి గుల్ల రాళ్ళు, శనగగింజంతవి, రాత్రి పడే మంచుని పీల్చుకుంటున్నాయి. పగలు ఎండకి కింది తడి ఆరిపోకుండా కాపాడుతున్నాయి. వాటిని అక్కడ పికోన్ అంటారు. ఆ పొరని కింద పూడిపోయిన పాత మట్టి తగిలేదాకా తవ్వి, అక్కడ తీగ నాటి, పైన మళ్ళీ పికోన్ కప్పారు. గాలి కొట్టే వైపు అర్ధచంద్రాకారంలో రాళ్ళ గోడ పేర్చారు. కొన్ని గోతుల్లో మనిషి నిలబడితే తల మాత్రమే కనపడుతుంది. అంత గోతికి ఒకటో రెండో తీగలు. ట్రాక్టర్ దిగదు, కోతంతా చేత్తోనే.

గోతి అంచున కూర్చుని పికోన్‌లోకి వేళ్ళు పెట్టాను. పైన పెనంలా కాలుతోంది. బెత్తెడు లోపలికి పోయేసరికి చల్లగా తగిలింది. ఇంకాస్త కెలికితే రాళ్ళు వేళ్ళకి అంటుకుంటున్నాయి, తడి. అప్పుడే నాన్నకి ఫోన్ చేశాను. ఎట్టా బతుకుద్ది అని అడిగితే కెమెరా ఆ తడి రాళ్ళ మీద పెట్టి ఇట్టా నాన్నా అన్నాను. "తడి ఆరకుండా మనం పరిచే మల్చింగ్ షీటు పనే గదరా! రాళ్ళతో చేశారా?" అన్నాడు. తామర పురుగు తర్వాత నాన్న గొంతులో అంత సంతోషం నేను వినలేదు.

తిరిగొచ్చేటప్పుడు డ్రైవర్ ఇంకో మాట చెప్పాడు. వాళ్ళ తాతల కాలంలో వాన నీళ్ళని ఇళ్ళ కింద తొట్లలో దాచుకునేవాళ్ళట, అవీ చాలకపోతే ఓడల్లో తెప్పించుకునేవాళ్ళట. సముద్రం నీళ్ళని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటు 1964లో వచ్చాకే కొళాయిలు చూశారట. మా ఓడలోనూ అంతే, సముద్రం నీళ్ళనే మార్చుకుంటాం. ఆ సాయంత్రం షిఫ్టులో సింకు ముందు నిలబడితే ధారగా పోతున్న వేడినీళ్ళు చూసి మనసు ఒప్పలేదు. బిందె తీసుకుని చెరువుకి పోయే అమ్మ గుర్తొచ్చింది. రెండు పళ్ళాల మధ్య కూడా కొళాయి కట్టేయటం అప్పటినుంచీ అలవాటైంది.

మొన్న సెలవుకి వచ్చేసరికి పెరట్లో నిమ్మమొక్క చుట్టూ నాన్న నల్ల కంకర పోసి ఉంచాడు. పేరేచర్ల క్రషర్ నుంచి మా బాబాయి ఇంటి పనికి తెప్పిస్తే రెండు తట్టలు అడిగి తెచ్చాడట. ఈ కంకర గట్టిరాయి నాన్నా, అక్కడిదైతే గుల్ల, మంచుని పీలుస్తుంది అన్నాను. "పీల్చకపోతే పోనీ, ఎండనైనా ఆపుద్ది గదా" అన్నాడు. రోజూ పొద్దున్నే ఓ మూల కంకర పక్కకి జరిపి మట్టిలో వేలు పెట్టి చూస్తున్నాడు. ఆ దీవి నుంచి గుప్పెడు రాళ్ళు తేలేకపోయావా అని అమ్మ అడిగింది. అక్కడి రాయి తేనివ్వరని చెప్పాను.

వచ్చే నెల మళ్ళీ ఓడెక్కాలి. అప్పు ఇంకో కాంట్రాక్టుతో తీరుతుంది. నిన్న బ్యాగు సర్దుకుంటుంటే బట్టల మధ్య మేస్త్రీలు వాడే టేపు ఒకటి కనపడింది. ఇదెందుకు నాన్నా అన్నాను.

"ఈసారి ఆగినప్పుడు ఆ గొయ్యి ఎంత లోతో, నోరు ఎంత వెడల్పో, గోడ ఎంతెత్తో కొలిచి రా" అన్నాడు.