ప్రతి గురువారం సున్నాకు చేరే గడియారం

మా పిన్ని తెనాలిలో అరిసెలు, సున్నుండలు, కారప్పూస చేసి అమ్ముతుంది. గురువారం సాయంత్రం 6 గంటలకు ఆ వారం ఆర్డర్లు ఆపేస్తాం. ఆ రాత్రి అరిసెలకు బియ్యం ఎన్ని కిలోలు నానబోయాలో తేలేది అప్పుడే. శుక్రవారమంతా పొయ్యి దగ్గర పని, శనివారం పార్సిళ్లు. మెయిళ్లు పంపడం, ఆర్డరు పేజీ చూసుకోవడం నా వంతు.

కొనేవారిలో చాలామంది డాలస్ వంటి చోట్ల ఉంటూ ఊళ్లోని అమ్మానాన్నలకు పంపించేవారే. మెయిల్లో ‘గురువారం సాయంత్రం 6 లోపు’ అని రాస్తే, ఎవరి సాయంత్రం వారు అనుకుంటారు. మన సాయంత్రం 6 అంటే డాలస్‌లో వేసవిలో ఉదయం 7.30. నవంబరులో అక్కడ గడియారాలు మార్చాక 6.30. ‘ఇంకా 14 గంటలు’ అంటే మాత్రం ఎక్కడైనా ఒకటే. అందుకే వారం వారం తనంతట తానే మొదలయ్యే కౌంట్‌డౌన్ టైమర్ పెట్టాలనుకున్నాను.

అమ్మకాల మెళకువలు చెప్పే ఒకాయన మాత్రం ఎవర్‌గ్రీన్ టైమర్ పెట్టమన్నారు. మెయిలు తెరిచిన క్షణం నుంచి ఒక్కొక్కరికి విడివిడిగా 48 గంటలు నడుస్తుందట. పిన్నికి చెప్పాను.

“సున్నా అయ్యాక ఏమవుతుందిరా?”

“ఇంకొకరికి మళ్లీ 48 నుంచి మొదలవుతుంది పిన్నీ.”

“మరి నేను బియ్యం ఎప్పుడు నానబోయాలి?”

ఆ ఆలోచన అక్కడితో సరి. పైగా లేని గడువును ఉన్నట్టు చూపడం మన దేశంలో నిబంధనలకే విరుద్ధం. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవారిని తప్పుదోవ పట్టించే ఎత్తుగడలలో) మొదటిది ఈ బూటకపు తొందరే.

మెయిల్లో కనిపించే టైమర్ నిజానికి కదిలే బొమ్మ, అంటే జిఫ్. మెయిలు తెరిచినప్పుడు సర్వర్ అప్పటికి మిగిలిన సమయాన్ని లెక్కగట్టి, సాధారణంగా ఓ నిమిషానికి సరిపడా ఫ్రేములు తయారుచేసి పంపుతుంది. చెప్పుకోవడానికి తేలికే. కానీ జీమెయిల్ 2013 నుంచి బొమ్మలను గూగుల్ సర్వర్ల మీదుగానే చూపిస్తోంది. బొమ్మను దాచుకోవద్దని మన సర్వర్ చెప్పకపోతే పాత అంకెలే కనిపించవచ్చు. ఐఫోన్లలో 2021లో వచ్చిన గోప్యతా ఏర్పాటును ఎంచుకున్నవారికి, మెయిలు తెరవకముందే బొమ్మ ఫోన్లోకి దిగిపోయి, తెరిచేసరికి అంకెలు పాతబడవచ్చు. విండోస్‌లోని కొన్ని పాత అవుట్‌లుక్‌లలో మొదటి ఫ్రేము తప్ప ఏదీ కదలదు. అందుకే బొమ్మ కింద ‘గురువారం సాయంత్రం 6, భారత కాలమానం’ అని అక్షరాల్లోనూ రాస్తాను. నాకు టైమర్ కన్నా ఆ వాక్యం మీదే నమ్మకం ఎక్కువ.

అసలు తలనొప్పి సున్నా తరువాత. ఇలా వారం వారం మళ్లీ మొదలయ్యే (రికరింగ్) టైమర్‌ను దాని మానాన వదిలేస్తే, 6 గంటలు దాటిన మరుక్షణం వచ్చే గురువారానికి లెక్క మొదలుపెడుతుంది. ‘ఇంకా 6 రోజుల 23 గంటలు’ అని చూసి ఎవరు తొందరపడతారు? శుక్ర, శనివారాల్లో పిన్ని కొత్త ఆర్డర్లు తీసుకోదు కూడా. కాబట్టి ఆదివారం ఉదయం 9 వరకు ‘ఈ వారం ఆర్డర్లు ముగిశాయి’ అనే బొమ్మ, ఆ తరువాతే అంకెలు వచ్చేలా పెట్టాను. టైమర్‌కు భారత కాలమానాన్నే ఎంచుకున్నాను. ఇక్కడ గడియారాలు మార్చే గొడవ లేదు. ఎవరైనా మూడు వారాల నాటి మెయిలు తెరిచినా నడుస్తున్న వారం గడువే కనబడుతుంది. అందుకే ఆ మెయిళ్లలో తేదీలు, ఒక్క వారానికే పరిమితమైన ధరలు రాయను.

సంక్రాంతికి మాత్రం ఈ ఏర్పాటు సరిపోదు. పిన్ని చేయగలిగినన్ని అరిసెలు మంగళవారానికే అయిపోతాయి. టైమర్ ఇంకా రెండు రోజులుందని చూపిస్తూనే ఉంటుంది. “ఇక చాలురా” అని ఆవిడ ఫోన్ చేయగానే ముందు ఆర్డరు పేజీ మూసేసి, ఆ తరువాత టైమర్ స్థానంలో ముగింపు బొమ్మ పెడతాను. అన్ని మెయిళ్లకూ బొమ్మ చిరునామా ఒకటే కనుక, అప్పటికే పంపిన వాటిని ఆ తరువాత తెరిచినా చాలావరకు అదే కనబడుతుంది.